డ్రైనేజీ నీళ్ళు పరీక్షిస్తే నెల్లూరులో గంజాయి ఎంత, ఒంగోలులో ఎంత అన్నది తేలుతుందా?

వేదాయపాలెం_వాసి
శనివారం రాత్రి 9.40

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో సగం నెల్లూరు, సగం ఒంగోలు. పేపర్లో గంజాయి పట్టివేత వార్త పడితే చాలు, "మీ జిల్లా చెడిపోయింది" అని ఇటువాళ్ళు, "మీదే ముందు చెడింది" అని అటువాళ్ళు మొదలుపెడతారు. ఇద్దరి దగ్గరా పేపర్ కటింగులే ఆధారం. నిన్న మా బావమరిది ఆస్ట్రేలియా నుంచి ఒక ముక్క రాశాడు. అక్కడ మురుగునీళ్ళు పరీక్షించి ఏ ప్రాంతంలో ఏ డ్రగ్ ఎంత వాడుతున్నారో లెక్క కడతారట. ఎవరి ఇంటికీ పోయి అడిగే పని లేదు.

ఇది మన దగ్గర చేస్తే నెల్లూరు, ఒంగోలు తగువు తీరుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_గిత్త_99
శనివారం రాత్రి 9.52

చివరికి మా పోతురాజు కాలువ కూడా సాక్ష్యం చెప్పాల్సి వచ్చిందా! అందులో ఏముందో చెప్పడానికి మిషన్ దేనికన్నా, ముక్కు చాలు.

కావలి_టు_అడిలైడ్
శనివారం రాత్రి 11.15

వాసి అన్నా, మీ బావమరిది చెప్పింది నిజమే. నేనుండేది అడిలైడ్‌లో, నీటి పరీక్షల ల్యాబ్‌లో పని. డ్రగ్స్ విభాగం నాది కాదు గానీ పద్ధతి తెలుసు.

మనిషి ఏది మింగినా, పీల్చినా, శరీరం దాన్ని మార్చి మూత్రంలో వదులుతుంది. కొకైన్ తీసుకుంటే అందులో మూడో వంతు దాకా బెంజాయిల్ ఎక్గోనిన్ అనే పదార్థంగా బయటికొస్తుంది. అది ఒంట్లో తయారయ్యేది కాబట్టి మురుగులో కనిపించిందంటే ఎవరో వాడారని లెక్క. మురుగు శుద్ధి కేంద్రం ముఖద్వారం దగ్గర 24 గంటల పాటు కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టి, కలిపి, అణువులను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషన్ మీద పెడతారు. లీటరుకు నానోగ్రాముల్లో కూడా పట్టేస్తుంది.

లెక్క ఎలాగో ఊహ అంకెలతో చెప్తా. లక్ష మంది ఉన్న ఊరు, రోజుకు కోటి లీటర్ల మురుగు. లీటరుకు 500 నానోగ్రాములు దొరికింది అనుకోండి. మొత్తం 5 గ్రాములు. వాడినదాంట్లో మూడో వంతే బయటికొచ్చింది కాబట్టి సుమారు 15 గ్రాముల కొకైన్ వాడారు. వెయ్యి మందికి రోజుకు 150 మిల్లీగ్రాములు. ఇలా వెయ్యి మందికి ఎంత అని కట్టడం వల్లే పెద్ద ఊరినీ చిన్న ఊరినీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతారు.

ఈ ఆలోచన 2001లో అమెరికాలో డాటన్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. చేసి చూపింది మిలాన్‌లోని మారియో నెగ్రి ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, 2005లో. ఇటలీ పో నది నీళ్ళు పరీక్షిస్తే రోజూ దాదాపు 4 కిలోల కొకైన్‌కు సరిపడా ఆనవాళ్ళు తేలాయి. అప్పటిదాకా సర్వేల మీద నడిచిన అధికారిక అంచనాల కంటే ఇది చాలా ఎక్కువ. సర్వేలో "ఎప్పుడైనా వాడారా" అంటే ఎవరు నిజం చెప్తారు?

మనకూ ఇది మరీ కొత్తేం కాదు. పోలియో వైరస్ కోసం ముంబైలో 2001 నుంచి మురుగు పరీక్షిస్తున్నారు. 2020లో కరోనా అప్పుడు హైదరాబాద్ మురుగును అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు పరీక్షించింది గుర్తుండే ఉంటుంది.

రొయ్యల_చెరువు
ఆదివారం ఉదయం 7.05

బాగానే ఉంది. పోలీసులు వస్తున్నారని ఒకడు సంచి మొత్తం డ్రైనేజీలో గుమ్మరిస్తే? ఆ రోజు ఊరంతా మత్తులో మునిగినట్టు రాసుకుంటారా?

పైగా మందుల ఫ్యాక్టరీలు ఉన్నచోట ఏమవుతుంది? 2007లో పటాన్‌చెరు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ వాళ్ళు తేల్చారు. ఆ అంకెను మీ లెక్కలో వేస్తే పటాన్‌చెరు జనం అన్నం మానేసి సిప్రో మాత్రలే తింటున్నట్టు వస్తుంది.

కావలి_టు_అడిలైడ్
ఆదివారం ఉదయం 10.30

మంచి ప్రశ్న. గుమ్మరించడం నిజంగానే జరిగింది. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ అనే ఊరు, 2011. ఎండీఎంఏ అనే మత్తు మాత్ర లెక్క ఒక్కసారిగా ఆకాశానికి పోయింది. అంతకు కొద్దిగా ముందే ఆ చుట్టుపక్కల ఒక తయారీ స్థావరం మీద పోలీసు దాడి జరిగింది.

దాన్ని ఎలా పట్టుకున్నారన్నది నాకు భలే ఇష్టమైన సంగతి. ఎండీఎంఏ అణువుకు కుడి, ఎడమ అని రెండు రూపాలు. తయారుచేసిన సరుకులో రెండూ సమానం. మనిషి మింగితే శరీరం ఒక రూపాన్ని త్వరగా కరిగించేస్తుంది, రెండోది మిగులుతుంది. మురుగులో రెండూ సగం సగం ఉంటే అది కడుపులోంచి రాలేదు, నేరుగా పారబోసిందే. ఉట్రెక్ట్‌లో సగం సగమే వచ్చింది.

కొకైన్ విషయంలోనూ అంతే. శరీరం మార్చినదానికీ, మారని కొకైన్‌కూ ఉండే నిష్పత్తి చూసి అనుమానపడతారు. పటాన్‌చెరు లాంటి చోట మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే కాలువ ఈ పనికి పనికిరాదు.

హెడ్డు_రిటైర్డ్
ఆదివారం మధ్యాహ్నం 1.20

నేను పోలీసు డిపార్ట్‌మెంటులో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైనవాణ్ణి. శాస్త్రం సంగతి తెలియదు గానీ కేసుల అంకెల సంగతి చెప్తాను.

గంజాయి పండేది పైన, ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో. కొనేవాళ్ళు చెన్నైలో, ఇంకా కింద. మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా చెన్నై రైలు మార్గం. రెండూ ఒంగోలు మీదుగా, నెల్లూరు మీదుగానే పోవాలి. టంగుటూరు టోల్ దగ్గర కారు దొరికితే ప్రకాశం కేసు. అదే కారు అక్కడ తప్పించుకుని వెంకటాచలం టోల్ దగ్గర దొరికితే నెల్లూరు కేసు. అందులోని సరుకు నెల్లూరోడూ తాగడు, ఒంగోలోడూ తాగడు.

ఇంకోటి. పట్టుబడింది కిలో లోపైతే చట్టంలో చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే కమర్షియల్. 20 దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా శిక్ష. కాబట్టి పేపర్లో పెద్ద అక్షరాలు పడేవి రవాణా కేసులే. కాలేజీ వెనక సిగరెట్‌లో కూరుకుని తాగే కుర్రాడు ఆ లెక్కలో ఎక్కడా పెద్దగా కనిపించడు. ఒక ఎస్పీ గారు గట్టిగా తనిఖీలు పెడితే ఆ ఏడు కేసులు పెరుగుతాయి. జనం అలవాట్లు మారినందుకు కాదు.

మీ చుట్టాలకు నా మాటగా చెప్పండి, కటింగులు చూపించుకుని కొట్టుకోవద్దని.

వేదాయపాలెం_వాసి
ఆదివారం మధ్యాహ్నం 2.10

హెడ్డు గారూ, దండాలు. ఈ పోస్టు అలాగే గ్రూపులో పెట్టేశాను. ఇటు అటు అందరూ నోరు మూశారు.

అడిలైడ్ తమ్ముడూ, మరి అక్కడ ప్రాంతాల వారీగా ఏం తేలింది? ఊరికీ పట్నానికీ తేడా ఉందా?

కావలి_టు_అడిలైడ్
ఆదివారం సాయంత్రం 5.45

ఉంది, అదీ మనం ఊహించుకున్నట్టు లేదు. ఇక్కడి జాతీయ కార్యక్రమం 2016లో మొదలైంది. నేర నిఘా సంస్థ డబ్బు పెడుతుంది, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు పరీక్షలు చేస్తూ వచ్చాయి. కొకైన్, హెరాయిన్ రాజధాని నగరాల్లో ఎక్కువ. కొకైన్ అంటే ముందు సిడ్నీ పేరే వస్తుంది. గంజాయి, ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్ర, చివరికి నికోటిన్ కూడా తలకు లెక్కేస్తే చిన్న పట్టణాల్లోనే ఎక్కువ. "పల్లెలు పవిత్రం, పట్నాలు పాడు" అనే మాట ఈ నీళ్ళలో నిలబడలేదు.

యూరప్‌లో ఇంకో రకం. అక్కడ స్కోర్ అనే శాస్త్రవేత్తల బృందం 2011లో 19 నగరాలతో మొదలుపెట్టింది, ఇప్పుడు వందకు పైగా నగరాలు. ఏటా ఒకే వారంలో అందరూ నీళ్ళు పడతారు. కొకైన్ పడమర, దక్షిణ దేశాల్లో, అందులోనూ పెద్ద ఓడరేవులున్న బెల్జియం, నెదర్లాండ్స్ వైపు ఎక్కువ. హుషారెక్కించే యాంఫెటమిన్ అనే డ్రగ్ ఉత్తరాన. దాని జాతిదే అయిన మెథాంఫెటమిన్ (మెథ్) చాలా ఏళ్ళు చెక్ దేశం, దాని పక్కనున్న స్లొవేకియా దాటి పెద్దగా పోలేదు. సరుకు ఎక్కడ తయారవుతుంది, ఏ రేవులో దిగుతుంది అన్నదాని ఛాయ వాడకం మీద పడుతోంది.

వారంలో రోజును బట్టి కూడా తేడా కనిపిస్తుంది. కొకైన్, ఎండీఎంఏ శని ఆదివారాల్లో లేస్తాయి. గంజాయి, మెథ్ వారమంతా దాదాపు ఒకే తీరు.

ఒంగోలు_గిత్త_99
ఆదివారం సాయంత్రం 6.02

రేవు ఉన్నచోట సరుకు అంటున్నావు. అయితే కృష్ణపట్నం ఎవరిది? నెల్లూరోళ్ళదేగా? కేసు క్లోజ్.

మాడరేటర్
ఆదివారం సాయంత్రం 6.20

గిత్త గారూ, సరదా సరే గానీ జిల్లాల మీద తీర్పులు వద్దు. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్ళకు తెలుసు.

మ్యాన్‌హోల్_మనిషి
ఆదివారం రాత్రి 8.50

పొద్దున్నుంచీ చదువుతున్నా. నేను ఒక మున్సిపాలిటీ ఇంజినీరింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను, ఏ ఊరో అడగొద్దు. అందరూ మిషన్ గురించి మాట్లాడుతున్నారు, పైపు గురించి ఎవరూ మాట్లాడరేం?

ఈ పరీక్షకు ఒక ఊరి మురుగంతా ఒకచోటికి చేరాలి. మన దగ్గర ఎక్కువ ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకు. నిండితే ట్యాంకరు వచ్చి లాక్కుని పోయి ఎక్కడో వదులుతుంది. వాడిన నీళ్ళు మాత్రం వీధి కాలువలోకి. అంటే అంట్లు తోమిన నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు కాలువలో, మనకు కావాల్సిన మూత్రం గుంటలో. నెల్లూరులో భూగర్భ డ్రైనేజీ పనులు ఏళ్ళ తరబడి నడిచాయి. వీధిలో పైపు పడటం ఒకటి, ఇంటి కనెక్షన్ దానికి కలపడం ఇంకొకటి. గ్రామాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

దేశం మొత్తం మీదే పరిస్థితి అంతంత మాత్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే నిజంగా శుద్ధి అయ్యేది 20,236. మిగతాది ఏ గేటు గుండా పోతుందో తెలియనప్పుడు ఏ గేటు దగ్గర సీసా పెడతారు?

తరవాత వాన. ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు కాలువలన్నీ ఏకం. నీళ్ళు ఎక్కువై పదార్థం పలచబడుతుంది. ఆ రోజు ఎంత నీరు పారిందో కొలిస్తే సరిచేసుకోవచ్చు. కొలిచే మీటరు ఉండాలిగా! అడిలైడ్ తమ్ముడు చెప్పిన కోటి లీటర్లు అన్న అంకె తప్పితే మిగతా లెక్కంతా గాల్లో దీపమే.

రొయ్యల_చెరువు
ఆదివారం రాత్రి 9.15

మీటరు తరవాత, భాగించే జనాభా మాటేంటి? రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి లక్షల మంది వస్తారు. ఆ వారం నీళ్ళు పడితే బయటివాళ్ళవన్నీ నెల్లూరు ఖాతాలో రాస్తారు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసే పై రాష్ట్రాల కూలీలు జనాభా లెక్కల్లో వాళ్ళ ఊళ్ళోనే ఉంటారు, మూత్రం మాత్రం ఇక్కడ. ధాబాల దగ్గర ఆగే లారీ డ్రైవర్లు సరేసరి. పైగా మనం చేతిలో పట్టుకున్న జనాభా లెక్కలు 2011వి.

కావలి_టు_అడిలైడ్
సోమవారం ఉదయం 6.40

జనాభాకు మార్గాలున్నాయి. మురుగులోని అమ్మోనియాను బట్టి ఆ రోజు ఎంతమంది ఉన్నారో అంచనా కడతారు. ఆస్లోలో మొబైల్ ఫోన్ల సమాచారంతో కూడా చేసి చూశారు. రొట్టెల పండగ వారం తీసుకోకపోవడం అన్నిటికంటే తేలిక.

నాకు అసలు బెంగ వేరే. మీరందరూ అడుగుతున్నది గంజాయి గురించి. ఈ పద్ధతికి అన్నిటికంటే కొరుకుడు పడనిది అదే.

కొకైన్‌లో మూడో వంతు బయటికొస్తుందన్నానా? గంజాయి తాగితే, మత్తిచ్చే టీహెచ్‌సీలో నూటికి ఒక వంతు కూడా మనం వెతికే రూపంలో మూత్రంలోకి రాదు. ఎక్కువమంది వాడే అంచనా 0.6 శాతం. కాబట్టి దొరికినదాన్ని 150 రెట్లకు పైగా పెంచాలి. ఆ 0.6 అసలు 0.3 అయితే జవాబు ఉన్నపళంగా రెట్టింపవుతుంది. పైగా అది జిడ్డు స్వభావం ఉన్న పదార్థం, నీళ్ళలో ఉండకుండా మడ్డికి అంటుకుంటుంది. తాగడం వేరు, చాక్లెట్‌లో తినడం వేరు, రెండింటికీ బయటికొచ్చే వాటా మారుతుంది. రోజూ తాగేవాడు మానేశాక కూడా వారాల తరబడి కొంచెం కొంచెం వదులుతూనే ఉంటాడు. వారమంతా ఒకే తీరుగా కనిపించడానికి అదీ ఒక కారణం.

కాబట్టి "నెల్లూరులో రోజుకు ఇన్ని కిలోలు" అని ఎవరైనా చెప్తే నేను నమ్మను. ఒకే ఊళ్ళో, ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏడాది పొడుగునా పట్టి "పోయిన ఏడు కంటే పెరిగింది" అంటే నమ్ముతాను. అప్పుడు ఆ గుణకం తప్పైనా రెండు వైపులా ఒకే తప్పు కాబట్టి కొట్టుకుపోతుంది.

వేదాయపాలెం_వాసి
సోమవారం ఉదయం 8.00

అంటే నెల్లూరును ఒంగోలుతో కాదు, నెల్లూరును నెల్లూరుతోనే పోల్చాలి. మా గ్రూపులో ఈ మాట ఎవరికీ నచ్చదు.

కందుకూరు_ఫార్మసీ
సోమవారం మధ్యాహ్నం 3.30

గంజాయి ఒక్కటే పట్టుకున్నారు. మాత్రల సంగతి ఏంది? ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కోడీన్ దగ్గు మందు అంతకు ముందు నుంచీ తలనొప్పే. చీటీ లేకుండా ఇవ్వం అంటే మా మీద కళ్ళెర్రజేసి పోయేవాళ్ళు రోజూ ఉంటారు.

మురుగులో ట్రమడాల్ దొరికితే అది మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయనదా, కుర్రాడిదా ఎలా చెప్తారు? తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే నిద్రమందు కలుపుతారు. అక్కడ మురుగు పరీక్షిస్తే అల్ప్రాజోలం కనిపిస్తుంది, నిద్రపట్టక డాక్టరు రాసిచ్చిన చీటీలవీ అందులోనే ఉంటాయి. హెరాయిన్ ఆనవాలుకు మార్ఫిన్ చూస్తే అది ఆసుపత్రి మార్ఫిన్ కావచ్చు, కోడీన్ కూడా ఒంట్లో కొంత మార్ఫిన్‌గా మారుతుంది.

ఆ ఊళ్ళో మందుల షాపులు, ఆసుపత్రులు ఎంత అమ్మాయో లెక్క తీసి, నీళ్ళలో వచ్చినదాంట్లోంచి తీసేయాలి. మిగిలిందే చీటీ లేకుండా వాడింది. ఆ అమ్మకాల లెక్క నిజాయతీగా దొరికే రోజు వస్తే ముందు నాకు చెప్పండి, స్వీట్లు పంచుతా.

మాగుంట_అమ్మ
సోమవారం రాత్రి 9.25

నమస్తే. నేను ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మా అబ్బాయి ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాడు. మీరు చెప్పేవన్నీ ఊరి లెక్కలు. హాస్టల్ బయటికొచ్చే పైపు దగ్గరే పరీక్ష పెడితే సరిపోదా? ఒక్క బిల్డింగ్, ఒక్క పైపు, జనాభా కూడా రిజిస్టర్లో ఉంటుంది. తల్లిదండ్రులం డబ్బులు వేసుకుంటాం. ఈ టెన్షన్ భరించలేకపోతున్నాం.

ఒంగోలు_గిత్త_99
సోమవారం రాత్రి 9.40

అమ్మ పాయింటు బాగుంది. నిజంగానే తేలిక కదా?

కావలి_టు_అడిలైడ్
మంగళవారం ఉదయం 6.15

అమ్మా, చేయడానికి తేలికే. అందుకే భయం.

ఊరి స్థాయిలో ఈ పరీక్ష ఎవరినీ వేలెత్తి చూపదు, దాని బలమే అది. ఇక్కడి నివేదికల్లో శుద్ధి కేంద్రాల పేర్లు కూడా బయటపెట్టరు, కోడ్ నంబర్లే. మూడు వందల మంది ఉండే హాస్టల్‌కు వచ్చేసరికి ఆ దాపరికం పోతుంది. ఒకడు వాడితే మూడు వందల మందికీ పేరొస్తుంది. క్యాంపస్ ఇంటర్వ్యూలకు వచ్చే కంపెనీలు వింటాయి, పెళ్ళి సంబంధాలవాళ్ళు వింటారు. ఈ పని చేసే శాస్త్రవేత్తలు 2016లోనే నైతిక నియమాలు రాసుకున్నారు. జైళ్ళు, బళ్ళు, ఆఫీసుల లాంటి చిన్న చోట్ల చాలా జాగ్రత్త అవసరమన్నది అందులో ముఖ్యమైన సంగతి.

2017లో ఇక్కడి ప్రభుత్వం నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్ళకు డ్రగ్ టెస్టులు పెడతామని మూడు ప్రాంతాలు ఎంచింది. ఎంపికకు మురుగు లెక్కలను కూడా వాడుకుంది. చట్టం పాస్ కాలేదు గానీ ఆ మూడు ఊళ్ళ పేర్లు మాత్రం దేశమంతా మోగాయి. చైనాలో ఝోంగ్‌షాన్ నగరంలో పోలీసులు మురుగు ఆనవాళ్ళు పట్టుకుని వెతుక్కుంటూ పోయిన సంగతి 2018లో నేచర్ పత్రిక రాసింది. ఒకసారి పైపు పైపునా సీసా పెట్టడం మొదలైతే ఎక్కడ ఆగుతుంది?

హెడ్డు_రిటైర్డ్
మంగళవారం ఉదయం 9.10

అమ్మా, మురుగు పరీక్ష మీ అబ్బాయి వాడుతున్నాడో లేదో చెప్పదు. ఆ హాస్టల్లో ఎవరో వాడుతున్నారని చెప్తుంది, అది పరీక్ష లేకుండానే వార్డెన్‌కు తెలిసి ఉంటుంది. సరఫరా చేసేవాడి గురించి సమాచారం ఉంటే రాష్ట్రంలో డ్రగ్స్ అరికట్టే ఈగల్ విభాగం ఉంది, 1972కు ఫోన్ చేయవచ్చు. బాబుకు అలవాటైందని అనుమానమైతే 14446కు చేయండి. అది చికిత్స కోసం, కేసు కోసం కాదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాడినందుకు, లేదా చిన్న మొత్తం దొరికినందుకు కేసైనవాడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్ళి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. కేసవుతుందనే భయంతో పిల్లల్ని ఇంట్లో దాచి పెట్టుకునే తల్లిదండ్రుల్ని సర్వీసులో చాలామందిని చూశాను.

మాగుంట_అమ్మ
మంగళవారం ఉదయం 9.48

14446 రాసుకున్నాను సార్. అబ్బాయి పేరు చెప్పాలా?

హెడ్డు_రిటైర్డ్
మంగళవారం ఉదయం 10.05

సలహా కోసమే అయితే పేరు చెప్పక్కర్లేదమ్మా. వయసు, ఏం గమనించారో చెప్తే చాలు. ఇంకేమైనా ఉంటే ఇక్కడ వద్దు, నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టండి.

వేదాయపాలెం_వాసి
మంగళవారం రాత్రి 8.30

మొదట్లో తగువు తీర్చుకుందామని అడిగాను, ఇప్పుడు నిజంగా చేయించాలనిపిస్తోంది. హాస్టల్ కాదు, ఊరి స్థాయిలో. కార్పొరేషన్‌కు ఒక అర్జీ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మ్యాన్‌హోల్_మనిషి
మంగళవారం రాత్రి 9.20

"గంజాయి పరీక్ష చేయండి" అని అర్జీ పెడితే ఫైలు ఏ సెక్షన్‌కు పంపాలో తెలియక అక్కడే ఉండిపోతుంది. ముందు ఆర్టీఐ పెట్టండి, పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. శుద్ధి కేంద్రంలోకి రోజూ ఎంత నీరొస్తోంది, లోపలికొచ్చే చోట ఫ్లో మీటరు ఉందా, పోయిన ఏడాది దాని రీడింగులు ఏంటి, ఏ వార్డుల్లో ఎన్ని ఇళ్ళకు కనెక్షన్ కలిపారు. ఇవి అడగండి. కనెక్షన్లు బాగా ఉన్న వార్డులు కొన్ని తేలితే వాటి మురుగు కలిసే చోటే మీ మొదటి సీసా. ల్యాబ్ సంగతి ఆ తరవాత చూద్దాం.

రొయ్యల_చెరువు
మంగళవారం రాత్రి 9.34

మీటరు ఉంది, పనిచేయడం లేదు అని జవాబొస్తే?

మ్యాన్‌హోల్_మనిషి
మంగళవారం రాత్రి 9.41

అప్పుడు అది ఎప్పటినుంచి పనిచేయడం లేదో రెండో ఆర్టీఐలో అడగండి.